ఇంటివాళ్ల కంప్యూటర్లకు ఉచిత సాయం: ఎలా చేయాలి, ఎక్కడ ఆగాలి?

ఓరుగల్లు వాసి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను పద్నాలుగేళ్లుగా హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. హనుమకొండలో అమ్మ వైపు, నాన్న వైపు కలిపి మాకు తొమ్మిది ఇళ్లున్నాయి. ఆ తొమ్మిది ఇళ్లలో కంప్యూటర్ నెమ్మదించినా, ప్రింటర్ మొరాయించినా, మెయిలు తెరుచుకోకపోయినా మొదటి ఫోను నాకే వస్తుంది. ఇందుకు ఏనాడూ డబ్బు తీసుకోలేదు, తీసుకోవాలన్న ఆలోచన కూడా లేదు, ఎందుకంటే నా చదువుకు ఫీజులు కట్టిన ఇళ్లవి. అయితే ఈ దీపావళికి జరిగిన ఒక సంగతి నన్ను చాలా కలవరపెట్టింది. అందుకే మీ అనుభవాలు అడుగుతున్నాను.

మా బాబాయి లాప్‌టాప్ 2016లో కొన్నది. అందులో ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్, పాతకాలపు హార్డ్ డిస్కు, విండోస్ 10 ఉన్నాయి. విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయన్న సందేశం తెర మీద చూసి, పండక్కి రాగానే విండోస్ 11 వేసి పెట్టమని ఆయన అడిగారు. దానికి కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరూ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ ఉండాలని చెప్పాను. నేను పని తప్పించుకుంటున్నానేమో అన్నట్టుగా ఆయన ఊరుకున్నారు. ఆ మౌనం భరించలేక, కనీసం వేగమైనా పెంచుదామని హార్డ్ డిస్కు తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డిస్కు బిగించి, విండోస్ 10నే మళ్లీ కొత్తగా వేశాను. అంతకుముందే డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫొటోలు, డి డ్రైవు మొత్తం బయటి డిస్కులోకి ఎక్కించి, తర్వాత తిరిగి పెట్టాను. మూడు నాలుగు నిమిషాలకు తెరుచుకునే యంత్రం అర నిమిషంలోపే తెరుచుకోవడం మొదలైంది.

మూడో రోజు పిన్ని ఏడుస్తూ ఫోన్ చేశారు. ఆవిడ 2009 నుంచి మా అమ్మమ్మ దగ్గరా, వాడకట్టులోని పెద్దవాళ్ల దగ్గరా విని టైపు చేసుకున్న బతుకమ్మ పాటలన్నీ పిచ్చి గుర్తులుగా మారిపోయాయి. ఫైళ్ల పేర్లు ఉన్నాయి, లోపల తెలుగు మాత్రం లేదు. నేను వాటిని చెడగొట్టానని ఆవిడ అనలేదు కానీ, "నువ్వు రాకముందు బాగానే ఉండె" అన్నారు. ఉచితంగా చేసే సాయానికి బాధ్యత ఎంతవరకు ఉంటుందో, దాన్ని ముందుగా ఎలా మాట్లాడుకోవాలో తెలిసినవారు చెప్పండి.

బెజవాడ మరమ్మతు

ఓరుగల్లు వాసి గారూ, ముందు పిన్నిగారికి ధైర్యం చెప్పండి, పాటలు ఎక్కడికీ పోలేదు. అవి అను ఫాంట్లలో టైపు చేసినవి అయి ఉంటాయి. ఆ రోజుల్లో డీటీపీ సెంటర్లో నేర్చుకున్నవాళ్లందరూ దాదాపు అవే వాడేవారు. ఆ ఫాంట్లు యూనికోడ్ పద్ధతివి కావు, అంటే తెలుగు అక్షరాలకు అన్ని యంత్రాల్లోనూ ఒకేలా ఉండే సంకేతాలు వాటిలో లేవు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉన్న స్థానాల్లోనే తెలుగు అక్షర ముక్కల బొమ్మలను కూర్చి పెట్టారు. ఫాంటు ఉన్నంతకాలం తెర మీద తెలుగు కనిపిస్తుంది. ఫాంటు లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే అడుగున ఉన్న ఇంగ్లీషు గుర్తులు బయటపడతాయి. మీరు ఫైళ్లను భద్రంగానే తెచ్చారు, సి డ్రైవులో విండోస్ ఫోల్డరు లోపల ఉండే ఫాంట్లను మాత్రం తేలేదు. పాత డిస్కును మీరు చెరపకుండా ఉంచి ఉంటే, దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి ఆ ఫాంట్ల ఫోల్డరు తెచ్చుకోండి. ఈ పని గంటలో అయిపోతుంది.

నేను ఇరవై ఏళ్లుగా మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. యంత్రం చేతికి రాగానే దాన్ని విప్పకుండా, వాడే మనిషిని పక్కన కూర్చోబెట్టి, "వారంలో మీరు దీంతో చేసే పనులన్నీ ఒకసారి నా ముందు తెరిచి చూపించండి" అని అడుగుతాను. ఇంట్లో ఒకే యంత్రాన్ని నలుగురు వాడుతుంటే నలుగురినీ పిలిపిస్తాను. ట్యాలీ లెక్కల డేటా ఎక్కడుంది, డిజిటల్ సంతకం డాంగిల్ ఏ పోర్టుకు పెడతారు, తెలుగు ఏ పద్ధతిలో టైపు చేస్తారు, బ్రౌజరులో పాస్‌వర్డులు దాచుకున్నారా అన్నవి ఇలా చూస్తేనే బయటపడతాయి, నోటితో అడిగితే ఎవరికీ గుర్తురావు. తీసిన పాత డిస్కును ఆరు నెలలు ముట్టుకోకుండా, మీద తేదీ రాసి, యజమాని బీరువాలోనే పెట్టిస్తాను. మీరు బాబాయిగారిని మాత్రమే అడిగి ఉంటారు. యంత్రం ఆయన పేరున ఉన్నా, దాన్ని ఎక్కువగా వాడేది పిన్నిగారు కదా.

డాలస్ నుంచి గుంటూరు బిడ్డ

పై సభ్యులు చెప్పినది యంత్రం చేతికి అందేవారికి సరిపోతుంది. నా తల్లిదండ్రులు గుంటూరులో ఉన్నారు, నేను డాలస్‌లో ఉన్నాను. శీతాకాలంలో మా మధ్య పదకొండున్నర గంటల తేడా ఉంటుంది. నాన్నకు సమస్య వచ్చేది పొద్దున పూట, అప్పుడు నాకు రాత్రి. అందుకని నాలుగేళ్ల క్రితం దూరం నుంచి తెర చూసే ఒక యాప్‌ను ఆయన ఫోనులోనూ కంప్యూటరులోనూ వేయించి, అందులో కనిపించే అంకెలు నాకు చదివి వినిపించడం, ఆపైన వచ్చే ప్రశ్నకు అనుమతి నొక్కడం నేర్పాను. ఆయన శ్రద్ధగా నేర్చుకున్నారు. రెండేళ్లు నాకు ఎంతో సుఖంగా గడిచింది.

ఒక రోజు విద్యుత్ కార్యాలయం నుంచి అంటూ ఎవరో ఫోన్ చేసి, బిల్లు నమోదు కాలేదు, రాత్రికి కరెంటు తీసేస్తాం, ఆ యాప్ తెరిచి అంకెలు చదవండి అన్నారు. నాన్న చదివారు. అనుమతి నొక్కమంటే నొక్కారు. ఆ తర్వాత వచ్చిన ఓటీపీని ఆయన ఎవరికీ చెప్పలేదు, తెర చూస్తున్నవాడే చదువుకున్నాడు. నలభై ఎనిమిది వేల రూపాయలు పోయాయి. అమ్మ వెంటనే పక్కింటి అబ్బాయిని పిలిచి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించింది కాబట్టి, వాళ్లు డబ్బు చేరిన ఖాతాలో మిగిలి ఉన్న కొంత మొత్తాన్ని ఆపగలిగారు.

ఇలాంటి యాప్‌ల ద్వారా మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. నాకు ఆ సంగతి తెలుసు. అయినా నాన్నకు అనుమతి నొక్కే అలవాటు చేసింది నేనే. ఫోన్‌లో ధైర్యంగా మాట్లాడే గొంతు చెప్పినట్టు చేయడమే కంప్యూటర్ సమస్యకు పరిష్కారమని రెండేళ్లపాటు ఆయనకు నేర్పినదీ నేనే. దొంగ వచ్చి కొత్తగా నేర్పవలసిన పని లేకపోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతోంది.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మార్చాం. ఆ యాప్ ఫోనులో లేదు. కంప్యూటరులో విండోస్‌తో వచ్చే, ఇలాగే దూరం నుంచి తెర చూపించే క్విక్ అసిస్ట్ మాత్రమే వాడతాం. దాన్ని కూడా నాన్న తానుగా నా నంబరుకు వీడియో కాల్ చేసి, నా ముఖం చూసిన తర్వాతే తెరుస్తారు. నేను చేసిన కాల్‌లో సైతం తెర ఇవ్వరు. తెర పంచుకున్నంతసేపు బ్యాంకు పేజీ తెరవకూడదు, ఫోను కంప్యూటరుకు కలపకూడదు. క్విక్ అసిస్ట్‌నూ మోసగాళ్లు వాడుకుంటారు కాబట్టి, యాప్ మార్చడం కంటే ఎవరు ఎవరికి ఫోన్ చేశారన్న నియమమే ముఖ్యమని గ్రహించాను.

కాకినాడ విశ్రాంత తపాలా ఉద్యోగి

నాకు డెబ్బై ఒక్క ఏళ్లు. మీరందరూ సాయం చేసేవారు, నేను సాయం పొందేవాణ్ణి. మా వైపు మాట కూడా ఈ చర్చలో ఉండాలని రాస్తున్నాను.

ఏటా నవంబరులో నేను పింఛను కోసం జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఈ డిజిటల్ పద్ధతి 2014 నవంబరులో వచ్చింది, 2021 నుంచి ముఖం చూపించి ఫోనులోనే ఇచ్చే వీలు కలిగింది. మొదటి ఏడు మా పెద్ద మనవడు ఫోను తీసుకుని, వేళ్లు పరుగెత్తించి, నా ముఖం ముందు ఒకసారి పట్టి, "అయిపోయింది తాతయ్యా" అని నా చేతిలో పెట్టాడు. నాకు సంతోషమే. కానీ రెండో ఏడు వాడు బెంగళూరులో ఉన్నాడు, నేను ఆ ఫోను పట్టుకుని మూడు రోజులు తిరిగాను. దానికి రెండు యాప్‌లు కావాలని, ఒకటి ముఖాన్ని గుర్తించేదీ మరొకటి పత్రం ఇచ్చేదీ అని నాకు తెలియదు. మూడో ఏడు చిన్న మనవరాలు వచ్చింది. అది ఫోను ముట్టుకోలేదు. నా పక్కన కూర్చుని, నా చేతనే అన్నీ నొక్కించి, ప్రతి అడుగునూ నా చేతనే నోటు పుస్తకంలో రాయించింది. పదకొండు అడుగులు వచ్చాయి. గంటన్నర పట్టింది. నిరుడూ, ఈ నవంబరులోనూ నేనే చేసుకున్నాను. ఎనభై దాటిన మా అన్నగారికి అక్టోబరు నుంచే ఇచ్చే వెసులుబాటు ఉంది కనుక ఆయనదీ నేనే చేసి పెట్టాను.

ఇంకొక మాట. అడిగినప్పుడు "మొన్నే చెప్పాను కదా" అన్న మాట మీకు చిన్నదే కావచ్చు, మాకు మాత్రం అది చాలా గట్టిగా తగులుతుంది. ఆ తర్వాత మేము అడగడం మానేస్తాం. మా వీధిలో ఒక పెద్దమనిషిని మోసగాళ్లు డిజిటల్ అరెస్టు చేశామని చెప్పి రెండు రోజులు వీడియో కాల్‌లో కూర్చోబెట్టారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో చెప్పారు, అది ఆయనా విన్నారు. అయినా కొడుకుకు ఫోన్ చేయలేదు. ఎందుకు చేయలేదని అడిగితే, "మళ్లీ ఏదో తప్పు నొక్కావా నాన్నా అంటాడు" అన్నారు.

డాలస్ అమ్మాయీ, నీ తప్పేమీ లేదమ్మా. నాన్నగారిని మాత్రం దీని గురించి ఎన్నడూ దెప్పవద్దు.

కరీంనగర్ విద్యార్థిని

తాతగారు రాసినది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

నా సమస్య వేరు. మా చుట్టాల్లో కంప్యూటర్ సైన్స్ చదివేది నేను ఒక్కదాన్నే కావడంతో, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ వచ్చిందంటే బాబాయిల పిల్లలు, మేనత్త పిల్లలు అందరి వెబ్ ఆప్షన్లూ (కావలసిన కళాశాలల వరుస) నేనే పెడుతున్నాను. మొన్న ఒకే విడతలో ముగ్గురివి పెట్టాను. మెయిలు నేనే తెరిచాను, పాస్‌వర్డులు నా దగ్గరే ఉన్నాయి. ఒకరి జాబితాలో రెండు కళాశాలల కోడ్‌లు తారుమారై, వాడికి వంద కిలోమీటర్ల దూరంలో సీటు వచ్చింది. తర్వాతి విడతలో సరిదిద్దుకున్నాం కానీ, ఆ పది రోజులు మా మేనత్త నాతో మాట్లాడలేదు. వచ్చే ఏడు ఇద్దరున్నారు. కాదనలేను, చేయాలంటే భయంగా ఉంది.

బెజవాడ మరమ్మతు

అమ్మా, కాదనవలసిన పని లేదు. వరుస ముందుగా కాగితం మీద ఉండాలి, ఆ కాగితం పిల్లవాడూ వాళ్ల అమ్మానాన్నలూ కలిసి రాయాలి. నువ్వు టైపు చేసేటప్పుడు పిల్లవాడు పక్కన కూర్చుని కోడ్‌లు పైకి చదవాలి. ఫ్రీజ్ (ఖరారు) చేసే ముందు ప్రింటు తీసి, కాగితంతో సరిచూసి, ఆఖరి నొక్కు వాడి చేతనే నొక్కించు. ఫోను నంబరు, మెయిలు, పాస్‌వర్డు ఎట్టి పరిస్థితుల్లోనూ నీవి కాకూడదు, నీ దగ్గర ఉండకూడదు. అది వాడి చదువుకు సంబంధించిన ఖాతా, రేపు ఉపకారవేతనానికీ అదే నంబరు అడుగుతారు.

కూకట్‌పల్లి నిర్వాహకుడు

నేను అందరితోనూ విభేదిస్తున్నాను. పదిహేడేళ్లుగా సర్వర్లు చూసే ఉద్యోగంలో ఉన్నాను, మూడేళ్ల క్రితం బంధువుల యంత్రాలు చూడడం పూర్తిగా మానేశాను. కొనేటప్పుడు నన్ను అడగరు, దుకాణంవాడు దొంగ విండోస్ వేసినప్పుడు అడగరు, దాన్ని నడిపించడానికి యాంటీవైరస్ ఆపి పెట్టినప్పుడు అడగరు. చెడిపోయిన రోజున మాత్రం అది నా బాధ్యత అవుతుంది. మా అమ్మాయి పుట్టినరోజు నాడు మా తోడల్లుడిగారి ప్రింటరు కోసం నాలుగు గంటలు కూర్చున్నాను. ఆ రోజు కేకు కోసేటప్పుడు నేను లేను. అది నేను మరచిపోలేను. ఇప్పుడు ఎవరు అడిగినా సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో నాకు నమ్మకమున్న దుకాణం చిరునామా ఇస్తాను, కావాలంటే ఖర్చు నేనే పెట్టుకుంటాను. డబ్బిచ్చి చేయించుకున్న పనికి రసీదు ఉంటుంది, అడిగే హక్కూ ఉంటుంది. ఉచితంగా చేసిన పనికి ఆ రెండూ లేక మనసులు నొచ్చుకుంటాయి.

అయితే ఓరుగల్లు వాసి గారి బాబాయి యంత్రం గురించి ఒక మాట చెప్పగలను. ఆయన మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించి పొడిగింపు పథకంలో నమోదైతే, విండోస్ 10కి భద్రతా సవరణలు 2026 అక్టోబరు 13 వరకు వస్తాయి. సెట్టింగులను ఆ ఖాతాతో సింక్ చేసుకుంటే రుసుము ఉండదు. అర్హత లేని యంత్రంలో విండోస్ 11ను బలవంతంగా ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి కానీ, ముందుముందు సవరణలు అందుతాయన్న హామీ లేదు కాబట్టి వయసు మళ్లినవారి యంత్రంలో ఆ పని చేయవద్దు. ఆ ఏడాది గడిచాక విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేయవచ్చు. వార్తలకూ, మెయిలుకూ, వీడియోలకూ అది చాలు. పిన్నిగారి తెలుగు అప్పటికి యూనికోడ్‌లోకి మారి ఉండాలి.

పెన్నాతీరం

నిర్వాహకుడు గారి బాధ అర్థమైంది. కానీ దుకాణం చిరునామా ఇస్తే తీరని పనులు కూడా ఉన్నాయి. మా నాన్నగారు రెండేళ్ల క్రితం పోయారు. ఆయన మెయిలు, ఫొటోలు, బీమా కాగితాలు అన్నీ ఒక్క గూగుల్ ఖాతాలో ఉండేవి. ఆ ఖాతాకు రెండో తాళంగా ఆయన ఫోను నంబరే ఉంది. దుఃఖంలో ఆ సిమ్‌కు రీఛార్జి చేయించాలని ఎవరికీ తోచలేదు. వాడకం లేని నంబరును తీసివేసి, తొంభై రోజులు గడిచాక వేరొకరికి ఇవ్వవచ్చన్న నిబంధన నాకు తర్వాత తెలిసింది. మేము అడిగేనాటికి ఆ నంబరు ఎవరో అపరిచితుడి దగ్గర ఉంది. మా అమ్మానాన్నల షష్టిపూర్తి ఫొటోలు అందులోనే ఉన్నాయి.

ఆ కంప్యూటరును నేనే పదేళ్లు చూసుకున్నాను. ఎన్నోసార్లు వేగం పెంచాను, రంగులు మార్చాను, ప్రింటరు కలిపాను. ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే అమరిక 2013 నుంచి గూగుల్‌లో ఉంది. ఖాతా కొన్ని నెలలు కదలకపోతే మనం ఎంచుకున్న వ్యక్తికి తెలియజేసి ఫైళ్లు అందజేస్తుంది. పది నిమిషాల పని. నాన్న బ్రతికి ఉండగా ఆయన పక్కన కూర్చుని అది పెట్టించి ఉంటే సరిపోయేది. ఆ మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు. ఇది చదివేవారు దయచేసి ఈ వారమే ఎత్తండి. రెండేళ్లు వాడని ఖాతాలను గూగుల్ తొలగించవచ్చన్న నియమం కూడా 2023 చివరి నుంచి అమలులో ఉంది.

బెజవాడ మరమ్మతు

పెన్నాతీరం గారూ, ఆ ఫొటోలు వాట్సాప్‌లో బంధువులకు పంపి ఉంటే వారి ఫోన్లలో వెతికించండి. పాత మెమరీ కార్డులు, ఫొటో స్టూడియోవారి దగ్గరి డిస్కులు కూడా అడిగి చూడండి, నా దగ్గర ఇద్దరు ముగ్గురికి అలా దొరికాయి.

మిగతావారి కోసం ఒక చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. "మీ కంప్యూటరులో అయిదు వైరస్‌లు ఉన్నాయి" అని కుడివైపు మూల నుంచి వచ్చే పెట్టెలు చూసి పెద్దవాళ్లు భయపడి ఫోన్ చేస్తారు. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావరకు అవి వైరస్‌లు కావు. ఏదో వెబ్‌సైటులో నోటిఫికేషన్లకు అనుమతి నొక్కడం వల్ల వస్తాయి. క్రోమ్ సెట్టింగులలో ప్రైవసీ విభాగంలోకి, అక్కడి నుంచి సైట్ సెట్టింగులలోకి వెళ్లి, నోటిఫికేషన్లలో పేరు తెలియని సైట్లను తీసేసి, ఇకపై ఏ సైటూ అడగకుండా ఆపేస్తే చాలు. ఆ పెట్టెలో కనిపించే నంబరుకు మాత్రం ఫోన్ చేయవద్దని గట్టిగా చెప్పండి. అలాగే పెళ్లి శుభలేఖ అని, ట్రాఫిక్ చలానా అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను, అంటే ఫోనులో యాప్‌ను వేసే ఫైళ్లను, నొక్కవద్దని చెప్పండి. శుభలేఖ ఫొటోగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో వస్తుంది తప్ప యాప్‌గా రాదు.

ఓరుగల్లు వాసి

అందరికీ కృతజ్ఞతలు. శనివారం హనుమకొండ వెళ్లి వచ్చాను. పాత డిస్కు నా సంచిలోనే ఉంది, చెరపలేదు. బెజవాడ గారు చెప్పినట్టే దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి ఫాంట్లు తీసుకొచ్చి వేయగానే పాటలన్నీ తెలుగులో కనిపించాయి. పిన్ని ఒక్కొక్క ఫైలూ తెరిచి చూసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత వాటిని యూనికోడ్‌లోకి మార్చే పని మొదలుపెట్టాం. మార్పిడి పరికరం చాలావరకు సరిగానే మారుస్తోంది కానీ, వత్తుల దగ్గర, కొన్ని గుణింతాల దగ్గర తప్పులు దొర్లుతున్నాయి. ఆ పాటల్లోని మాటలు నాకు సగం తెలియవు కాబట్టి నేను దిద్దలేను. పిన్ని ఒక్కరే దిద్దగలరు. అందుకని మార్చిన ఫైలును ఒక పక్క, పాత ఫైలును ఒక పక్క పెట్టి చూసుకోవడం నేర్పాను. కాకినాడ తాతగారి మాట గుర్తుపెట్టుకుని మౌసు నేను పట్టుకోలేదు. మొదటి పాటకు నలభై నిమిషాలు పట్టింది, మూడో పాటకు పదిహేను నిమిషాలు.

బాబాయిని పొడిగింపు పథకంలో నమోదు చేయించాం. ఖాతా ఆయన పేరున, ఆయన నంబరు మీద ఉంది. పాస్‌వర్డు ఆయన నోటు పుస్తకంలో ఉంది, నాకు తెలియదు. నిర్వాహకుడు గారూ, ఎస్‌ఎస్‌డీ డబ్బులు బాబాయి ఇస్తే ఈసారి తీసుకున్నాను. సంక్రాంతికి మళ్లీ వెళ్తాను. అప్పటికి ఇరవై పాటలైనా దిద్ది ఉంచుతానని పిన్ని చెప్పారు. పాత డిస్కు మీద తేదీ రాసి ఆవిడ బీరువాలో పెట్టాను.